నిమ్మకాయలు నలగలేదు

ఫోన్ మోగినప్పుడు నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. సూర్యాపేట నుంచి ల్యాబ్ మేడమ్. "అశ్వినీ, ఈ సోమవారం కాదు, వచ్చే సోమవారం నుంచి వచ్చేయమ్మా. శాంపిల్స్ తీసే పని నీదే," అన్నది. నేను సరే మేడమ్, సరే మేడమ్ అని నాలుగుసార్లు అని, ఫోన్ పెట్టేసి, కత్తిపీట పక్కకు జరిపి, మా అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని వంటింట్లోనే గిర్రున తిప్పాను.

"వద్దు బిడ్డా, కండ్లు తిరుగుతయ్! ఇడువు!" అని అరిచింది గోపమ్మ అత్తమ్మ. అరిచింది కానీ నవ్వుతూనే అరిచింది. నాకు పెళ్లయి అప్పటికి రెండు నెలలు. ఆ ఇంట్లో నేను ఏం చేసినా అందరూ నవ్వే రోజులవి. గోరింటాకు పోయిందని బాధపడినా నవ్వేవాళ్లు, కోడి నా చెప్పు మీద పడుకుందని సంబరపడినా నవ్వేవాళ్లు.

ఊపిరి తీసుకున్నాక అత్తమ్మ అడిగింది. "ఎన్ని గంటలకు పోవాలె?"

"ఏడింటికి."

"పొద్దుగాలనా?"

"పరగడుపున రక్తం ఇచ్చేటోళ్లు ఏడింటికే వచ్చి కూసుంటరంట అత్తమ్మా. ఇంతకుముందున్న పిల్ల రోజూ లేటొస్తుందనే తీసేసిండ్రంట."

అత్తమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. నాదీ ఆగిపోయింది. మా ఊరు మోతె నుంచి ఎనిమిది కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. ఊళ్లో నుంచి మొదటి ఆటో నిండి కదిలేసరికి ఎనిమిదిన్నర. మోతె దగ్గర హైవే మీద ఆరుంబావుకు ఖమ్మం నుంచి వచ్చే బస్సు ఎక్కితేనే నేను ఏడింటికి ల్యాబ్‌లో ఉంటాను. ఆ ఎనిమిది కిలోమీటర్లు రోజూ ఎట్లా దాటాలి? ఉద్యోగం వచ్చిన ఐదో నిమిషంలోనే నాకు కోపం మొదలైంది. మా ఊరి మీద కోపం, బస్సు మీద కోపం, పరగడుపున రక్తం ఇచ్చేవాళ్ల మీద కూడా కోపం.

అన్నిటికంటే ఎక్కువ మా ఆయన మీద, జీవన్ బావ మీద. బావ కోదాడలో ఒక వైండింగ్ షాపులో పని చేస్తాడు. కాలిపోయిన బోరు మోటర్లను విప్పి, రాగి తీగ మళ్లీ చుట్టి, బతికించి పంపిస్తాడు. షాపు ట్రాలీ పొద్దున ఐదింటికే వచ్చి, ఊళ్లలో కాలిన మోటర్లు ఏరుకుంటూ, అతన్ని ఎక్కించుకుని మునగాల మీదుగా కోదాడ పోతుంది. నేను పోవలసింది దానికి సరిగ్గా వెనక్కి. బావకు ఒకప్పుడు బైక్ ఉండేది. పెళ్లి ఖర్చులకని పెళ్లికి ముందే అమ్మేశాడు. ఆ సంగతి నాకు పెళ్లయిన మూడో రోజు తెలిసింది. మూడో రోజు కాబట్టి నవ్వాను.

మిర్యాలగూడలో ఉన్న మా అమ్మకు ఫోన్ చేస్తే, సంతోషం అనే మాట ముందు, దెప్పిపొడుపు వెనక వచ్చాయి. "రైస్ మిల్లు మేనేజరు సంబంధమొస్తే వద్దంటివి. ఇంటి ముంగట బస్టాండు ఉండె. ఇప్పుడు నడువు ఎనిమిది కిలోమీటర్లు!"

"నడువను. ఎగిరి పోత," అని ఫోన్ కట్ చేశాను.

ఆ సాయంత్రం పశువుల కొట్టం పక్కన గోడకు ఆనించి ఉన్న సైకిల్ నా కంటబడింది. అది బావ వాళ్ల నాయన, సైదయ్య మామది. ఇరవై ఏళ్లు రెండు వైపులా పాల క్యాన్లు కట్టుకుని మోతె దాకా తొక్కాడట. మోకాళ్లు పట్టేశాక దాన్ని ఎవరూ ముట్టలేదు. నల్లరంగు పోయి తుప్పు రంగు వచ్చింది కానీ ఫ్రేమ్ మాత్రం ఇనుపకమ్మీలాగా ఉంది. నేను రెండు మూడు వీడియోలు చూసి ఉన్నాను. పాత సైకిల్ వెనక చక్రంలో చిన్న మోటరు బిగించి, బ్యాటరీ కట్టి, కుర్రాళ్లు రయ్యిమని తిరుగుతుంటారు.

బావ రాగానే వీడియో చూపించాను. "మోటర్ అంటే నాకిడువు," అన్నాడు చేతులైనా కడుక్కోకుండానే. "మూడొందల ఫీట్ల లోతుల తిరిగేటి మోటర్లను పట్టుకున్న చేతులివి. గీ చక్రంల మోటర్ ఒక లెక్కనా?"

కొత్త కిట్టు కొనే స్తోమత లేదు. తెలిసినవాళ్లు చెబితే ఆదివారం సూర్యాపేటలో సాంసన్ అనే మేస్త్రి దగ్గరికి పోయాం. ఎలక్ట్రిక్ స్కూటర్లు రిపేరు చేస్తాడు. మూలన పడేసిన సామానులో నుంచి ఒక పాత చక్రం మోటరు, దాని కంట్రోలరు, ఒక స్కూటరు నుంచి తీసిన బ్యాటరీ బయటికి తెచ్చాడు. కంట్రోలరు అంటే అరచేయంత అల్యూమినియం డబ్బా. బ్యాటరీలో కరెంటును కొలిచి కొలిచి మోటరుకు పంపేది అదే.

"ఇది ఎన్ని ఓల్టులన్నా?" అని నేనడిగాను.

"ముప్పై ఆరు తమ్మీ," అని బావకు చెప్పాడు సాంసన్.

"ఫుల్ చార్జింగ్‌కు ఎంత దూరం పోతది?"

"ఇరవై కిలోమీటర్లకు ఢోకా లేదు తమ్మీ."

"అన్నా, అడుగుతున్నది నేను. మీరు ఆయనకు చెప్తున్నరేంది?"

సాంసన్ నవ్వాడు. "ఆయన మోటర్ మేస్త్రి గదమ్మా."

"తొక్కేది నేను," అన్నాను. అప్పటి నుంచి నాకే చెప్పాడు. కంట్రోలరు వేడెక్కుతుంది, గాలి తగలాలి అని కూడా నాకే చెప్పాడు. నేను రాసుకున్నాను.

ఆ వారమంతా మా ఇల్లు ఒక చిన్న షాపులా ఉంది. బావ ఆకురాయి పట్టి వెనక ఫ్రేమ్ సందును కొద్దికొద్దిగా అరగదీశాడు. మోటరు ఇరుసు లావు, పాత సైకిల్ సందు సన్నం. ఒక్కో గీత గీసినప్పుడల్లా సైదయ్య మామ మంచం మీద నుంచి "అయ్యో" అనేవాడు, తన ఎముక గీసినట్టు. వైర్ల పని నాది. ల్యాబ్ కోర్సులో మాకు మొదటి రోజే చెప్పారు, పేరు రాయని శాంపిల్ పారబోయడానికి తప్ప పనికిరాదని. ప్రతి వైరుకూ తెల్ల స్టిక్కరు అంటించి పేరు రాశాను. మా అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్న ఆవకాయ డబ్బాలో కంట్రోలరు పెట్టి, సీటు కింద బిగించాను. గాలి ఆడాలి కదా, డబ్బా మూత మీద వేడి చేసిన మేకుతో వరసగా పన్నెండు రంధ్రాలు పెట్టాను. రంధ్రాల నుంచి ఆవకాయ వాసన వచ్చేది. దానికి కూడా నాకు సంబరమే.

శనివారం సాయంత్రం మోతె దాకా పోయి వచ్చాను. పోతున్నప్పుడు చింతచెట్ల గాలి ముఖానికి కొట్టింది. పత్తి కట్టె మోసుకొస్తున్న ముసలామె "ఓ పిల్లా, తొక్కకుండనే పోతున్నవ్!" అని అరిచింది. తిరిగొచ్చాక చూస్తే మీటరులో ఇంకా ఒక గీత మిగిలే ఉంది. వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు. అందరూ ఉన్నారని చూడకుండా అతని చొక్కా పట్టుకుని గుంజాను. సిగ్గుపడింది అతనే.

ఇక మిగిలింది పూజ. "కొత్త బండి గద. రేపు ఐతారం మంచిరోజు. నిమ్మకాయలు తొక్కిచ్చి, కొబ్బరికాయ కొట్టి, ఎల్లుండి నువ్వు పో," అన్నది అత్తమ్మ. నాకూ అదే కావాలనిపించింది. ఎంత పాతదైనా, బండి అంటే నిమ్మకాయలు తొక్కవలసిందే.

ఆదివారం పొద్దున నేను తలస్నానం చేస్తుంటే బయట బోరు పైపు నీళ్లు ధారగా కొడుతున్న చప్పుడు వినబడింది. బర్రెను కడుగుతున్నారనుకున్నాను. జుట్టుకు తువ్వాల చుట్టుకుని బయటికొస్తే సైకిల్ తళతళలాడుతోంది. చక్రాలకు పసుపు, హ్యాండిల్‌కు బంతిపూల దండ, ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు. మా ఇంటికి ఎదురుగానే వీధి నల్లా. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు ఐదారుగురు బిందెలు పక్కన పెట్టి చూస్తున్నారు. అందరికంటే ముందు పక్కింటి శోభ వదిన.

బావ కొబ్బరికాయ కొట్టాడు. అత్తమ్మ హారతి ఇచ్చింది. "ఎక్కు బిడ్డా, తొక్కియ్ నిమ్మకాయలు," అన్నది.

నేను ఎక్కాను. తాళం తిప్పాను. యాక్సిలరేటరు కొద్దిగా తిప్పాను.

సీటు కింద టప్‌మని పేలింది. సైకిల్ ఒక్కసారి ఎగిరిపడి ఆగింది. మూత మీద పన్నెండు రంధ్రాల నుంచి పన్నెండు పొగలు లేచాయి. వెనక నిమ్మకాయ నలగకుండానే చక్రం కింద నుంచి జారి, దొర్లుకుంటూ పోయి నల్లా బురదలో పడింది.

"అయ్యయ్యో, మొదటిరోజే!" అన్నారెవరో.

దిగి సీటు కింద చేయి పెట్టాను. డబ్బా తడి. వైర్లు తడి. నేను రాసిన పేర్లు నీళ్లకు కరిగి నీలంగా కారుతున్నాయి. మూత తీస్తే లోపల చారెడు నీళ్లు నిలబడి ఉన్నాయి. నాకు అర్థమైంది, బర్రెను కాదు కడిగింది.

"ఎవలు కడిగిండ్రు దీన్ని?"

"నేనే బిడ్డా. దుమ్ము బండిని దేవునికెట్ల సూపిస్తం?" అన్నది అత్తమ్మ.

అప్పుడు నా నోటి నుంచి వచ్చింది వచ్చినట్టే రాస్తున్నాను. దాచి లాభం లేదు. నల్లా దగ్గర ఉన్నవాళ్లందరూ విన్నదే.

"పైపు పెట్టి కడుగుతరా? కరెంటు వస్తువును బర్రెను కడిగినట్టు కడుగుతరా? వారం రోజుల సంది ఇద్దరం చేతులు కాల్సుకుంట చేసినం! రేపు నేను ఎట్ల పోవాలె? ఆ పిల్లను తీసేసినట్టే నన్ను గూడ తీసేస్తరు! సదువుకోకపోతే సదువుకోకపోయిండ్రు, ఒక్క మాట అడగాలె అని గూడ తెల్వదా మీకు?"

చివరి మాట అంటుండగానే నాకు తెలుసు అది అనకూడనిదని. ఆపలేకపోయాను.

"ఏంది పిల్లా, అత్తను పట్టుకొని గట్లంటవ్?" అన్నది శోభ వదిన.

"నువ్వు ఊకో వదినా. నీ బిందె నిండింది సూస్కో."

అత్తమ్మ ఒక్కసారి బావ వైపు చూసింది. కొబ్బరి చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని బావ నేల చూస్తున్నాడు. అత్తమ్మ హారతి పళ్లెం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తప్పు చేసినందుకు కొడుకు అండ కోసం చూసిందని నేననుకున్నాను. ఆ చూపు మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఆడవాళ్లు బిందెలెత్తుకుని గొణుక్కుంటూ పోయారు. బావ, నేను సైకిల్ పక్కన కూర్చున్నాం. వెనక చక్రం తిప్పితే గట్టిగా ఉంది, రాయిని దొర్లిస్తున్నట్టు పట్టి పట్టి కదులుతోంది. బావ ముఖం పాలిపోయింది. "మోటర్ జామయింది," అన్నాడు.

నేను మోటరు నుంచి కంట్రోలరుకు పోయే మూడు లావు వైర్లు ఒక్కొక్కటే ఊడదీశాను. పసుపు, ఆకుపచ్చ, నీలం. మూడూ ఊడాక చక్రం విడిపోయి గలగలా తిరిగింది. అంటే మోటరు బాగుంది. కంట్రోలరు లోపల కాలిపోయి మోటరును బిగబట్టింది. దాని మూత విప్పి చూశాం. నల్లగా మాడి, ముక్కు పగిలే వాసన.

అంతలో బావ ముఖం వెలిగిపోయింది. చక్రాన్ని మళ్లీ ఒకసారి తిప్పి, "సూసినవా? మోటర్‌కేం గాలే! నీళ్లకు మోటర్‌కేం గాదని చెప్పిన గద!" అన్నాడు.

"ఎవలికి చెప్పినవ్?"

చక్రం తిరుగుతూనే ఉంది. బావ చేయి పెట్టి దాన్ని ఆపాడు.

"బావా, నాకైతే చెప్పలే. ఎవలికి చెప్పినవ్?"

అరుగు మీద బీడీ వెలిగించుకుంటున్న సైదయ్య మామ ముఖం తిప్పకుండానే అన్నాడు. "ఎవలికేంది, వాళ్లమ్మకు. బండిని కడగొచ్చా కొడుకా అని అడిగింది. మేం పట్టేటి మోటర్లు నీళ్లల్లనే ఉంటయ్ కడుగమ్మా అన్నడు. పైపు గూడ వాడే పట్టిండు."

పొద్దున అరిచిన అరుపు నాకు ఇప్పుడు చిన్నదిగా అనిపించింది. ఈసారి అరవలేదు, మెల్లగానే అడిగాను.

"నువ్వు పట్టినవా పైపు?"

"నేను మోటర్ గురించే ఆలోచించిన అశ్విని. కంట్రోలర్ సంగతి యాదికి రాలే. మా మోటర్లకు కంట్రోలర్ ఉండదు, పైన గోడకు స్టార్టర్ డబ్బా ఉంటది. నీళ్లల్ల మోటరొక్కటే ఉంటది..."

"అది నాకర్థమైంది. కాల్తే కాలింది. కంట్రోలర్ గురించి కాదు నేనడిగేది. అత్తమ్మను నేను నలుగుర్ల గన్ని మాటలంటుంటే నువ్వు చిప్పలు పట్టుకొని నేల సూసినవ్. ఎందుకు?"

"నువ్వు మస్తు కోపంల ఉన్నవ్..."

"నీకు భయమైతే మీ అమ్మను అడ్డం పెడతవా?"

బావ ఊడదీసిన నీలం వైరును వేలికి చుట్టుకున్నాడు.

"నాతోని సదువులేనిదన్న మాట అనిపిచ్చినవ్. ఆమె అడిగింది. అడిగే చేసింది. అడగలేదని నేను తిట్టిన. నువ్వు వింటనే ఉన్నవ్. ఒక్క మాట, నేనే చెప్పిన అని ఒక్క మాట! నోట్ల ఏమున్నది నీకు, రాగి తీగ చుట్టుకున్నవా?"

సైదయ్య మామ దగ్గాడో నవ్వాడో తెలియదు. "మీరు ఊకోండ్రి మామా," అన్నాను. ఆయన బీడీ పారేసి కొట్టం వైపు నడిచాడు.

రెండు నెలల్లో నేను ఆ మనిషి మీద ఎన్నోసార్లు అలిగాను. టీ చల్లారిందని అలిగాను, ఫోన్ ఎత్తలేదని అలిగాను. అలక వేరు. అలిగినప్పుడు అతను వచ్చి నా జడ గుంజితే చాలు, నవ్వు వచ్చేది. ఇప్పుడు అతను జడ దాకా చేయి తెచ్చాడు. నేను ఆ చేతిని చూశాను. వెనక్కి తీసుకున్నాడు.

పెరట్లో అత్తమ్మ చింతపండు కొడుతోంది. రాయి మీద చింతకాయ పెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ, గింజ బయటికి. ఇంకొకటి, ఇంకొక దెబ్బ. మామూలుగా ఆమె కొట్టేటప్పుడు పాట పాడుతుంది. ఆ రోజు సుత్తి చప్పుడే. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగలేదు.

నేను ఎదురుగా కూర్చున్నాను. "అత్తమ్మా, తప్పయింది. నేను అనరాని మాటన్న."

దెబ్బ. గింజ.

"బావ పైపు పట్టిండని మీరెందుకు చెప్పలే?"

"నలుగుర్ల నా కొడుకు ఇజ్జత్ నేనే తీసుకుంటనా?" అన్నది తలెత్తకుండా. "వాడు చెప్తడని సూసిన. చెప్పలే." ఇంకొక దెబ్బ గట్టిగా పడి చింతగింజ ఎగిరి నా ఒళ్లో పడింది. "నువ్వన్న మాటకు గాదు నాకు కోపం. నువ్వు పరాయింట్ల పుట్టినదానివి, రెండు నెలలాయె వచ్చి. వాన్ని కన్నది నేను. గిట్ల నేల సూసుడు ఎవల దగ్గర నేర్చిండు వాడు?"

నా కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఉల్లిగడ్డలు కోసినప్పుడు కూడా నాకు అంత తొందరగా రావు.

"ఏడువకు. నీ మీద గూడ ఉన్నది కోపం," అన్నది అత్తమ్మ. సుత్తి కింద పెట్టింది. "సదువుకోలేదన్నవ్. నిజమే, సదువుకోలే. గని ఒక్కటి చెప్పు. ఇంగ పది రోజులైతే మిరుగు కార్తె, వానలు మొదలు. నడిమిట్ల వానొస్తే ఏం జేస్తవ్? బండికి గొడుగు పడతవా?"

నేను ఆకాశం వైపు చూశాను.

"నేను పోసిన పైపు నీళ్లెంత, వాన ఎంత? మోతె తొవ్వల ఇల్లు లేదు, మనిషి లేడు. గీ పొగ గాడ లేస్తే ఎవలున్నరు నీకు? ఈడ వాకిట్ల లేసింది, మంచిగైంది."

"పైన రంధ్రాలు నేనే పెట్టిన అత్తమ్మా. వేడెక్కొద్దని."

"మూతకు ఎందుకు పెట్టినవ్? అడుగుకు పెట్టరాదా? గాలికి కింద మీద ఉంటదా?"

వారం రోజులు వీడియోలు చూశాను. సాంసన్ చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నాను. పన్నెండు రంధ్రాలూ ఒకే దూరంలో రావాలని స్కేలు పెట్టి గీతలు గీశాను. వాన పైనుంచి పడుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. బావ మీద ఉన్న కోపంలో మూడో వంతు తిరిగొచ్చి నా మీద కూర్చుంది. మిగిలిన రెండు వంతులు మాత్రం అతని మీదే ఉంచాను.

"రేపు పోకుంట ఉంటవా?" అడిగింది అత్తమ్మ.

"పోత. నడిచైనా పోత."

"నడిసెందుకు?" అత్తమ్మ లేచి కొంగు దులిపింది. "మోటర్ ఖతమైతే సైకిల్ ఖతమైందా? మీ మామ ఇరవై ఏండ్లు తొక్కిండు, నలభై లీటర్ల పాలు పెట్టుకొని."

ఇద్దరం కలిసి ముందుకొచ్చాం. బావ వాకిట్లో అట్లాగే కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని ఇద్దరినీ ఒకేసారి చూసి లేచి నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు.

"నాతోని మాట్లాడకు," అన్నది అత్తమ్మ. "నీ పెండ్లాం ఏం చెప్తదో ఇను."

"ముందు బ్యాటరీ ఇప్పు," అన్నాను. "అది ఇంట్ల ఉంటది. బరువు తగ్గుతది. ఆ డబ్బా నాకియ్యి, మూతకు మైనం పెట్టి మూస్త, అడుగున కొత్తగ పెడత రంధ్రాలు. నువ్వు మీ సేటుకు ఫోన్ చెయ్. రేపు పొద్దుగాల రానని చెప్పు."

"సీజన్ అశ్విని. వానాకాలానికి ముందు మోటర్లన్ని..."

"ఫోన్."

బావ ఫోన్ చేశాడు. నేను స్పీకర్ నొక్కాను. షాపు ఓనరు వెంకటనర్సయ్య గారిది కోదాడ మాట. "ఏంటయ్యా జీవన్, ఇక్కడ మోటార్లు గుట్టలు పడి ఉంటే సెలవంటావేంటి? ఏమైందేంటి ఇంట్లో?"

బావ నా వైపు చూశాడు, వాళ్లమ్మ వైపు చూశాడు. నేల వైపు చూడబోయి మానుకున్నాడు. "ఏం లేదు సేటు. మా ఇంట్ల ఒక కంట్రోలర్ కాలవెట్టిన. నేనే కాలవెట్టిన. తెచ్చి బిగియ్యాలె. మాపటేల వరకు వస్త."

"నువ్వు కాలబెట్టావా? పదేళ్ల నుంచి కాలినవి బాగుచేసేవాడివి!" అవతల పకపకా నవ్వి ఫోన్ పెట్టేశాడాయన.

మాకెవరికీ నవ్వు రాలేదు. అయినా ఆ 'నేనే' అన్న మాట విన్నాక అత్తమ్మ పొద్దున అరుగు మీద పెట్టిన హారతి పళ్లెం తీసి లోపల పెట్టి వచ్చింది.

"మంచిది," అన్నాను. "సేటుకు చెప్పుడు సుళువు. ఆయన కోదాడల ఉన్నడు. తిట్టింది ఈడ, విన్నది నల్లా కాడి వాళ్లు. ఇగ రేపటి సంగతి విను. ఐదింటికి నల్లా వస్తది. శోభ వదినతోని సహా అందరుంటరు. ముందుగాల గాడికి పోతం. పైపు పట్టింది నువ్వని నువ్వు చెప్తవ్. అత్తమ్మను అనరాని మాట అన్నది తప్పని నేను చెప్త. ఐదుంబావుకు సైకిలెక్కుతం. నేను ఎనక క్యారేజి మీద కూసుంట. మోతె దాకా నువ్వే తొక్కాలె. దిగి నడుసుడు లేదు, ఎత్తులొచ్చినా లేదు. సైకిల్ మోతెల పెట్టి ఆరుంబావుకు ఇద్దరం బస్సెక్కుతం. నేను ల్యాబ్‌కు పోత. నువ్వు సాంసన్ షాపు తీసేదాక గేటు ముంగట నిలవడి, కంట్రోలర్ తీసుకొని, అటునుంచే కోదాడ పో. సాయంత్రం మోతెల సైకిల్ నేను తీసుకొని తొక్కుకుంట వస్త."

బావ తల ఊపాడు. "నేను రోజూ నిన్ను గిట్లనే దింపి..." అని ఏదో మొదలుపెట్టాడు.

"రోజుల సంగతి తర్వాత. రేపటిది చెప్పిన," అన్నాను.

అత్తమ్మ వంటింట్లోకి పోతూ గడప దగ్గర ఆగింది. "నాలుగున్నరకే ఇద్దర్ని లేపుత. జీవన్‌గా, రేపు నల్లా కాడికి బిందె నువ్వు మోసుకపో."